మణికట్టు, ముక్కు, మెడల్: నా బాక్సింగ్ నోట్‌బుక్ నుంచి

ఎండాకాలం నుంచి నోట్‌బుక్‌లో గీసుకున్నవన్నీ ఒక వరసలో పెడదామని కూర్చున్నాను. ముప్పై దాటాక గ్లవ్స్ తొడుక్కున్నవాళ్ళకి, అందులోనూ మన ఆడవాళ్ళకి, ఏమన్నా పనికొస్తుందేమో చూడండి.

నేను చెన్నైలోని పెరంబూరు తెలుగుదాన్ని. తాతయ్య రైల్వే ఉద్యోగం వచ్చి గూడూరు నుంచి ఇక్కడికి చేరారు, ఇక కదల్లేదు. నాది బ్యాంకు ఉద్యోగం. ఒళ్ళు తగ్గుతుందని బాక్సింగ్‌లో చేరాను. కొన్నాళ్ళకి మాస్టర్ "నువ్వొక నోవిస్ పోటీ ఆడొచ్చమ్మా" అన్నారు, అంటే కొత్తగా మొదలుపెట్టినవాళ్ళ పోటీ. ఆ మాటతో తెల్లారి నాలుగున్నరకి అలారం మోగడం మొదలైంది.

హాలంటే పెద్దగా ఊహించుకోకండి. రేకుల షెడ్డు, ఒక రింగు, వేలాడే బ్యాగులు నాలుగైదు. వారానికి నాలుగు పొద్దులు అక్కడ, రెండు పొద్దులు పరుగు. హాల్లో ముందు తాడాట మూడు రౌండ్లు, రౌండుకి మూడు నిమిషాలు, మధ్యలో నిమిషం విరామం. తర్వాత షాడో (ఎదురుగా మనిషి ఉన్నట్టు ఊహించుకుని గాల్లో గుద్దడం), బ్యాగు, మాస్టర్ చేతికి తొడుక్కున్న ప్యాడ్స్ మీద దెబ్బలు, చివర్లో పొట్ట వ్యాయామాలు. బ్యాగుకి 12 ఔన్సుల గ్లవ్స్, స్పారింగ్‌కి, అంటే ఇంకో మనిషితో సాధన పోటీకి, 14. చేతికి చుట్టే గుడ్డ మాత్రం నాలుగున్నర మీటర్లది కొనండి. పొట్టిది కొంటే మణికట్టు చుట్టేసరికి అయిపోయి పిడికిలి మీదకి మిగలదు. రోజూ ఉతకండి, రెండు జతలు పెట్టుకోండి. ఉతకని గుడ్డ వాసన బ్యాగులోంచి బ్యాంకు లాకర్ రూమ్ దాకా వస్తుంది.

నా లక్ష్యం 60 కిలోల విభాగం. మొదలుపెట్టినప్పుడు 64 ఉన్నాను.

జులై: మణికట్టు

బ్యాగు మీద కుడి హుక్ (మోచెయ్యి వంచి పక్కనుంచి వేసే దెబ్బ) వేస్తుంటే చెయ్యి మడతపడింది. చప్పుడేం రాలేదు, మెత్తగా ఒంగిపోయినట్టు తెలిసింది, అంతే. సాయంత్రానికి టీ గ్లాసు ఎత్తలేకపోయాను. ఆర్థోపెడిక్ డాక్టర్ బొటనవేలిని పైకి నిలబెట్టించి, దాని మొదట్లో పడే చిన్న గుంటలో వేలితో నొక్కి చూశారు. అక్కడ నొప్పి ఉంటే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక విరిగిందేమోనని అనుమానించాలట. ఆ పగులు మొదటి ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు, అందుకే పది పన్నెండు రోజులాగి మళ్ళీ తీస్తారు. నాకు రెండుసార్లూ ఏం లేదని తేలింది, బెణుకే. బొటనవేలి దగ్గర నొప్పిని "బెణికిందిలే" అని వదిలెయ్యకండి. ఆ ఎముకకి రక్తప్రసరణ తక్కువ, అతుక్కోకపోతే ఏళ్ళ తరబడి ఏడిపిస్తుంది.

కట్టుతో హాలుకెళ్ళి ఇక కొన్ని వారాలు రానని చెప్పబోయాను. మాస్టర్ నా చేతి వంక కూడా చూడలేదు. "కాళ్ళు బాగానే ఉన్నాయిగా?" అన్నారు. ఆయనది పాత ఉత్తర మద్రాసు పద్ధతి. సార్పట్ట పరంపర, ఇడియప్ప పరంపర అనే బాక్సింగ్ జట్ల పేరుతో పేటల పౌరుషాలు గుద్దుకున్న కాలం గురించి వాళ్ళ నాన్న దగ్గర విన్నవన్నీ మాకు చెప్తుంటారు. 1980లో మహమ్మద్ అలీ మద్రాసు వచ్చి, ఎంజీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, నెహ్రూ స్టేడియంలో మాజీ ప్రపంచ చాంపియన్ జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన పోటీ ఆడాడు. అప్పుడు మాస్టర్ వాళ్ళ నాన్న భుజాలమీద కూర్చుని చూశారట. "మనిషి లావెక్కాడు, చేతులు మునుపట్లా లేవు. కానీ ఆ కాళ్ళు చూడాలి" అంటారు ఎప్పుడూ.

కాబట్టి నాకు కాళ్ళపని పడింది. నేల మీద సుద్దతో గీత గీసి, దానికి అటూ ఇటూ అడుగులు. ముందడుగు పడ్డాకే వెనకడుగు కదలాలి, రెండూ దగ్గరకి రాకూడదు, గీత మీద కాళ్ళు అడ్డం పడకూడదు. మూడేసి నిమిషాలు అదే. కుడిచెయ్యి గడ్డం దగ్గర కదలకుండా పెట్టి ఎడంచేత్తో జాబ్ (ముందుచేత్తో తిన్నగా వేసే దెబ్బ) మాత్రమే. విసుగంటే మామూలు విసుగు కాదు. ఆ రోజుల్లోనే నోట్‌బుక్‌లో ఒక గడి కొత్తగా గీశాను: "ఏం మిగిలింది". రోజూ హాలుకెళ్ళే ముందు అది నింపాలి. "ఎడంచెయ్యి, రెండు కాళ్ళు" అని రాస్తే ఆ రోజు పనేమిటో దానంతటదే తేలేది. ఈరోజు వెళ్ళాలా వద్దా అనే ప్రశ్నకి అందులో చోటు లేదు. మోటివేషన్ వీడియోలు నాకు పడవు. వాటిని చూసినంతసేపూ పొంగుతాం, ఆపగానే చల్లారిపోతాం. ఆ గడి ఏనాడూ పొంగించలేదు గానీ మంచం మీంచి లేపింది.

కట్టు విప్పేసరికి నా జాబ్ హాల్లో కొందరికి చికాకు పుట్టించే స్థాయికి వచ్చింది.

సెప్టెంబర్: ముక్కు

మొదటి గట్టి స్పారింగ్. ఎదురుగా వ్యాసర్పాడి నుంచి వచ్చే పదిహేడేళ్ళ అమ్మాయి, మన తెలుగుపిల్లే. నాకంటే తేలిక, పొట్టి. గంట మోగగానే మొహం మీద జాబ్ వేసి "సారీ అక్కా" అంది. మళ్ళీ ఒకటి, మళ్ళీ "సారీ అక్కా". రెండో రౌండు సగానికి నా చేతులు గడ్డం దాకా లేవడం మానేశాయి. ముక్కులోంచి రక్తం కారింది. మాస్టర్ "కై మేల! కై మేల!" అని అరుస్తూనే ఉన్నారు. చేతులు పైకే అని నాకూ తెలుసు, చేతులకే తెలియలేదు.

ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది. "ఏందమ్మే ఆ మొహం? బ్యాంకులో ఏం చెప్తావు?" అంది. తలుపు తగిలిందని చెప్పాను బ్యాంకులో. మేనేజరు గారు ఆ తలుపు ఎక్కడుందని అడిగారు.

ముక్కు నుంచి రక్తం వస్తే తల వెనక్కి వాల్చకండి, గొంతులోకి పోతుంది. కాస్త ముందుకి ఒంగి, ముక్కు కింది మెత్తని భాగాన్ని పది నిమిషాలు వదలకుండా పట్టుకోవాలి. ముక్కు సంగతి ఎలా ఉన్నా తల సంగతి వేరు. తలనొప్పి తగ్గకపోయినా, వాంతి వచ్చేలా ఉన్నా, వెలుతురు చూడలేకపోయినా ఆ రోజుకి గ్లవ్స్ విప్పేసి డాక్టర్ దగ్గరకే. అమెచ్యూర్ నిబంధనల్లో తలకి దెబ్బ తగిలి నాకౌట్ అయితే కనీసం 30 రోజులు రింగెక్కనివ్వరు. స్పారింగ్‌కీ అదే లెక్క పెట్టుకోండి, పట్టుదల పేరుతో బేరాలాడొద్దు.

ఆ స్పారింగ్‌ని ఫోన్‌లో తీసిన వీడియో చూస్తే కొత్త సంగతి బయటపడింది. దెబ్బలు తినడం కాదు నన్ను అలసిపోయేలా చేసింది, ఊపిరి. దెబ్బ వేసిన ప్రతిసారీ శ్వాస బిగబట్టేస్తున్నాను. అప్పట్నుంచి బ్యాగు మీద ప్రతి దెబ్బకీ "ష్" అని వదలాలి, శబ్దం వినపడకపోతే మాస్టర్ ఆ రౌండు లెక్కలో వెయ్యరు. ఆదివారాలు మెరీనాలో కార్మికుల విగ్రహం దగ్గర నుంచి లైట్‌హౌస్ వైపు పరుగు. నిమిషం గట్టిగా, నిమిషం మెల్లగా, మార్చి మార్చి. ఇసుకలో పరిగెడితే పిక్కలు గట్టిపడతాయని చెప్పేవాళ్ళుంటారు, నాకు మాత్రం మడమ నొప్పే మిగిలింది. ఇప్పుడు సిమెంటు బాట మీదే.

బరువు గురించి కొంచెం

వారానికి అరకిలో చొప్పున దిగుదామని మొదలుపెట్టాను. అన్నం మానలేదు, మధ్యాహ్నానికి పరిమితం చేశాను. పొద్దున హాలు నుంచి రాగానే రెండు పెసరట్లు, గుడ్లు. రాత్రి రాగి జావ, మజ్జిగ. ఆదివారం అమ్మ చేపల పులుసు మీద ఎవరూ చెయ్యి వెయ్యరాదు.

మగపిల్లలు ఎవరూ చెప్పనిది ఒకటుంది. నెలసరికి ముందు ఒంట్లో నీరు చేరి కిలో దాకా బరువు పెరిగినట్టు చూపిస్తుంది. ఆ వారం త్రాసెక్కి ఏడ్చి తిండి మానేసేవాళ్ళున్నారు. నిన్నటితో పోల్చకండి, పోయిన నెల ఇదే వారంతో పోల్చండి. అమెచ్యూర్‌లో పోటీ రోజు పొద్దున్నే తూకం వేస్తారు కాబట్టి ప్రొఫెషనల్స్‌లా నీళ్ళు మానేసి బరువు దింపి, తర్వాత రోజంతా తిని కోలుకునే వీలు మనకి లేదు. ఒంట్లో నీరు లేకుండా తలకి దెబ్బలు తినడమంటే ప్రమాదం కొనితెచ్చుకోవడమే.

నవంబర్ వానలకి హాల్లోకి నీళ్ళొచ్చాయి. మేడమెట్ల కింద షాడో, మిగతాది రాయడానికేం లేదు.

డిసెంబర్: మెడల్

ఇదే అసలు దెబ్బ. పోటీకి నాలుగు రోజుల ముందు నిర్వాహకులు ఫోన్ చేశారు. 60 కిలోల్లో నేను తప్ప ఇంకెవరూ పేరు ఇవ్వలేదట. తూకానికి వచ్చి నిలబడితే చాలు, వాకోవర్ కింద మెడల్ ఇచ్చేస్తామన్నారు. నోవిస్ మహిళల పోటీల్లో ఇది వింతేం కాదని మాస్టర్ చెప్పారు. పేర్లు తక్కువ, విభాగాలు ఎక్కువ.

వెళ్ళాను, త్రాసెక్కాను, 59.6. మెడల్ మెడలో వేసి ఫొటో తీశారు. అమ్మ దాన్ని దేవుడి గదిలో వేంకటేశ్వరస్వామి పటానికి తగిలించింది. తియ్యవే అంటే తియ్యదు, వచ్చినవాళ్ళందరికీ చూపిస్తోంది.

మర్నాటి నుంచి లేవబుద్ధి కాలేదు. మణికట్టప్పుడు చెయ్యడానికి పని ఉండేది. ముక్కప్పుడు దిద్దుకోవడానికి తప్పు కనపడింది. ఇక్కడ నాలో బాగుచెయ్యాల్సిందేం లేదు, ఎదురుగా మనిషి లేదు, అంతే. "ఏం మిగిలింది" గడిలో "అన్నీ" అని రాసి పడుకున్నాను.

నిఖత్ జరీన్ పేరు చెప్పి నన్ను లేపాలని చూసినవాళ్ళు ఉన్నారు. నిజామాబాద్ అమ్మాయి, 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్. నాకు ఆ బంగారాలకంటే మధ్యలోని ఖాళీయే ఎక్కువ తలకెక్కుతుంది. జూనియర్ ప్రపంచ టైటిల్ గెలిచింది 2011లో. సీనియర్ టైటిల్‌కి పదకొండేళ్ళు పట్టింది, అందులో 2017లో భుజం గాయంతో దూరమైన కాలం కూడా ఉంది. కానీ నిజం చెప్పాలంటే ఆ ఉదాహరణతో నేను మంచం దిగలేదు. ఆవిడ ఎక్కడ, నేనెక్కడ.

దింపింది "సారీ అక్కా" పిల్ల. జనవరిలో దానికి పోటీ ఉంది, హాల్లో ఆడపిల్లల్లో దాని కంటే బరువైన పార్ట్‌నర్ నేనొక్కదాన్నే. ఒక సాయంత్రం ఫోన్ చేసి, "నువ్వు రాకపోతే నేనెవర్ని కొట్టాలక్కా?" అంది. మర్నాడు వెళ్ళాను. నా కోసమైతే ఇంకో వారం పడుకునేదాన్నేమో.

సంక్రాంతి తర్వాత మాస్టర్ హాల్లోనే మా ఇద్దరికీ పోటీ పెట్టారు. హెడ్‌గార్డులు, మూలలో స్టూలు, గంట, రెఫరీగా ఒక సీనియర్. ముగ్గురు కాగితాలు పట్టుకుని పది పాయింట్ల పద్ధతిలో రౌండు రౌండుకీ మార్కులేశారు. మొదటి రౌండు దానిది, సందేహం లేదు. మూడోదాంట్లో అది ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు నేను ఇంకా "ష్" అంటూనే ఉన్నాను. ఇద్దరు దానికిచ్చారు, ఒకరు నాకు. ఓడిపోయి ఇంటికొస్తూ దారిలో రెండు ప్లేట్ల సుండల్ (మన గుగ్గిళ్ళే) తిన్నాను. డిసెంబర్ మెడల్ రోజు ఏమీ తినబుద్ధి కాలేదని అప్పుడు గుర్తొచ్చింది.

ఇప్పుడు

ఫిబ్రవరి చివర్లో ఇంకో పోటీ. ఈసారి ఎదురుగా మనిషి ఉందని రెండుసార్లు ఫోన్ చేసి రూఢి చేసుకున్నాను. బరువు 60.3. ఆ అమ్మాయి ఎడంచేతి వాటం, సౌత్‌పా అట. అలాంటివాళ్ళ మీద నా ఎడంకాలు వాళ్ళ ముందుకాలికి బయటివైపు పడాలి, అప్పుడే నా కుడిచేతికి తిన్నగా దారి దొరుకుతుంది, వాళ్ళ ఎడంచేతికి దూరమవుతాను. మా హాల్లో ఎడంచేతి వాటం ఉన్నది ఒక్క ఆటో అన్నకే, 75 కిలోలు. రోజూ పొద్దున్నే ఆయన ప్యాడ్స్ తొడుక్కుని నిలబడతాడు, నేను కాలు బయట పెడతాను, ఆయన నా కాలు తొక్కుతాడు. ఈ వారమంతా ఇదే పని.