గిర్నార్ బండ మీద తురమాయో

జునాగఢ్ నుంచి గిర్నార్ కొండకు వెళ్లే వాళ్లందరూ మెట్ల దగ్గర దిగుతారు. నేను దారిలోనే, ఒక చిన్న కట్టడం ముందు ఆటో ఆపించాను. "మెట్లు ఇంకా ముందున్నాయి" అన్నాడు ఆటో అతను జాలిగా. నేను వచ్చింది ఆ కట్టడం లోపలి బండ కోసం.

పెద్ద గుండ్రటి బండ. దాని మీద అశోకుడి ధర్మశాసనాలున్నాయి. చేతిలో అచ్చు ప్రతి పెట్టుకుని 13వ శాసనం వెతికాను. బాగా దెబ్బతింది. అయినా తు, ర, మా, యో దొరికాయి. "ర" ఒక వంకర గీత, అంతే. తురమాయో అంటే ఈజిప్టు రాజు రెండో టాలమీ. గ్రీకులో ప్తొలెమాయోస్. మాట మొదట్లో "ప్త" ఈ శాసనాల భాష ప్రాకృతం నోటికి పట్టదు, అందుకే "ప" ఎగిరిపోయింది. "ల" కాస్తా "ర" అయింది. పక్కనే అంతెకిన, మగా. అంటే మాసిడోనియా రాజు అంటిగోనస్, ఉత్తర ఆఫ్రికాలోని సైరీన్ రాజు మాగస్. వీళ్లంతా ఒకే కాలంలో బతికి ఉన్న సంవత్సరాలు లెక్కగట్టే అశోకుడు క్రీస్తు పూర్వం 3వ శతాబ్దం మధ్య వాడని తేల్చారు. ఇంగ్లీషు పండితుడు ప్రిన్సెప్ ఈ శాసనాల లిపి బ్రాహ్మిని చదివింది 1837లో. ఈ యవన (గ్రీకు) రాజుల పేర్లు పట్టుకున్నది ఆ మరుసటి ఏడే. అంతకు ముందు, 1822లో, ఈజిప్టు బొమ్మల లిపిని ఛేదించిన షాంపోలియన్‌కూ టాలమీ పేరే ఆసరా. మాటకు అర్థం మారుతుంది, అనువాదమూ అవుతుంది. పేరు మాత్రం ఉచ్చారణ చెడినా పోలిక వదలదు.

నా పేరు సంగతి వేరు. ముందురోజు లాడ్జి రిజిస్టరులో ఇంటిపేరు మొదట రాశానని, రెండు రోజులూ నన్ను ఇంటిపేరుతోనే పిలిచారు.

బండకు మరోవైపు క్రీ.శ. 150 నాటి శక రాజు రుద్రదాముడి సంస్కృత శాసనం. సుదర్శన తటాకం గట్టు తెగిన కథ అది. అశోకుడి తరఫున అక్కడ కాలువలు తీయించిన వాడు "యవనరాజు తుషాస్ఫుడు" అని ఉంది. బిరుదు చూస్తే గ్రీకు, పేరు చూస్తే పారశీకం. చివరి "అస్ప" మన "అశ్వ"మే. రుద్రదాముడి తాత చష్టనుడిది శక నామం, మనవడి పేరు నిఖార్సయిన సంస్కృతం. రెండు తరాల్లో పేర్లు మారిపోయాయి.

అదే శాసనంలో "దక్షిణాపథపతి శాతకర్ణి" కనిపించగానే ఊరివాణ్ణి చూసినట్టయింది. పాపం, రెండుసార్లు ఓడిపోయాడట. దగ్గరి చుట్టం కాబట్టి వదిలేశానంటాడు రుద్రదాముడు.

బయటికొస్తే ఆటో అతను ఇంకా అక్కడే ఉన్నాడు. మెట్ల దగ్గర దింపమన్నాను.