మంట కటింగ్

ఆదివారం, రాత్రి

మేనల్లుడికి ఈ వారం కాలేజీలో ఫేర్‌వెల్ పార్టీ. దానికి ఫైర్ కటింగ్, అంటే జుట్టు కొసలని మంటతో కాల్చే కటింగ్, చేయించుకుంటానని మా చెల్లిని కొన్నాళ్ళుగా పీక్కు తింటున్నాడు. నిప్పు మాట ఎత్తితే మా చెల్లికి నేనే గుర్తొస్తాను. విశాఖ షిప్‌యార్డులో కాంట్రాక్టరు కింద గ్యాస్ టార్చితో ఇనుప ప్లేట్లు కోసే గ్యాస్ కటింగ్ పని చేస్తాను కదా, ఊళ్ళో ఎక్కడ మంట లేచినా నేనే పూచీ అన్నట్టు మాట్లాడుతుంది. "నువ్వు పక్కన నిలబడితే చేయించుకోమను, లేపోతే వద్దని చెప్పీ అన్నయ్యా" అని నిన్న రాత్రి ఫోను. వారానికి ఒక్క సెలవు. ఆ ఒక్క రోజూ మంట దగ్గరే కాపలా.

ముందు మటన్ పని. కంచరపాలెం మెట్టు దగ్గర ఆదివారం పొద్దున్నే లైను ఉంటుంది. మాంసం కొట్టించి, మా ఆవిడ మరీ మరీ చెప్పిన తలకాయ తీసుకుని, కాల్చిపెట్టే అతనికి ఇచ్చాను. మంట పెట్టి తలకాయని ఇటూ అటూ తిప్పుతూ బొచ్చు కాల్చడం, కత్తితో గీకడం, మళ్ళీ చెవుల వెనక కాల్చడం. మేనల్లుడు ముక్కు మూసుకుని దూరంగా బండి మీద కూర్చున్నాడు. "ఇంకాసేపట్లో నీకు చేసేదీ ఇదేరా" అన్నాను. నవ్వలేదు గుంటడు.

సెలూన్ తమ్ముడు నాకు పాతకాలం నుంచీ తెలుసు. వాళ్ళ నాన్న రైల్వే క్వార్టర్ల దగ్గర చెట్టు కింద కుర్చీ వేసుకుని చేసేవాడు. అద్దం చెట్టుకి మేకు కొట్టి తగిలించేవాడు, గీసుకుంటే పటిక రుద్దేవాడు, అంతే సరంజామా. ఇప్పుడు కొడుకుది ఏసీ షాపు. గోడ మీద ఫుట్‌బాల్ ఆటగాళ్ళ బొమ్మలు, వాళ్ళ జుట్టు చూపించి అలాగే కావాలనే కుర్రాళ్ళు. ఆదివారం కాబట్టి బెంచీ నిండా జనం. మావాడి వంతు వచ్చేసరికి పన్నెండయింది, సంచిలో మాంసం సంగతి నాకు బెంగగానే ఉంది.

ఆ పనిముట్టు ఏమిటో ముందు చూపించమన్నాను. చేతిలో పెట్టాడు. పిడి లోపల బ్యూటేన్ నింపుకునే చిన్న ట్యాంకు, బొటనవేలి కింద మీట. నొక్కితే టక్కుమని రవ్వ రాలి మూతి దగ్గర నీలంగా మంట అందుకుంటుంది. హోటళ్ళలో స్వీట్ల మీద పంచదార కరిగించడానికి వాడే చేతి టార్చి ఇదే. ఈ తమ్ముడు చేసిన తెలివైన పనల్లా మూతి ముందు ఒక స్టీలు దువ్వెన ముక్కని చిన్న నట్లతో బిగించడం. మంట దువ్వెన వీపు మీదుగా అడ్డంగా పోతుంది. పళ్ళ సందుల్లోంచి పైకి లేచిన వెంట్రుకకే అందుతుంది, కిందది దువ్వెన చాటున ఉండిపోతుంది. ఎంత పొట్టిగా కావాలంటే దువ్వెన అంత కిందకి ఆనించడమే. ఇంజనీర్లెవరూ చెప్పకుండా తనే ఆలోచించుకున్నాడట. నిజంగానే మెచ్చుకున్నాను.

కానీ మంట చూస్తే చివర పసుపు నాలుక ఆడుతోంది. మా పనిలో ఇది కనబడితే మేస్త్రీ ఊరుకోడు. గాలి చాలడం లేదన్నమాట, గ్యాస్ పూర్తిగా కాలక మసి కడుతుంది. మూతి పక్కన గాలి లోపలికి పీల్చుకునే సన్నటి బెజ్జాలు ఉంటాయి. కళ్ళజోడు పైకెత్తి దగ్గరగా చూశాను. రెండు బెజ్జాలు పూర్తిగా మూసుకుపోయాయి. పౌడరు, వెంట్రుక నుసి, దాని మీద నూనె జిడ్డు, అంతా కలిసి ముద్దకట్టింది. టార్చిల నాజిళ్ళు శుభ్రం చేసుకోవడానికి మాకు సన్నటి సూదుల కట్ట ఉంటుంది. ఇక్కడ పిన్నీసు దొరికింది. ఆర్పించి, చల్లారనిచ్చి, బెజ్జం పాడవకుండా తిప్పకుండా నిలువుగా పొడిచి తీశాను. మళ్ళీ వెలిగిస్తే మంట పొట్టిగా, గట్టిగా, లోపల స్పష్టమైన నీలం కోనుతో వచ్చింది. ఆ కోను కొస దాటిన చోటే అన్నిటికన్నా వేడి. అక్కడ వెయ్యి డిగ్రీలు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. వెంట్రుక రెండొందల పైచిలుకు డిగ్రీలకే పాడైపోయే వస్తువు. అందుకే కోనుని దగ్గరకి తేకు, బయటి మంట తగిలితే ఎక్కువని చెప్పాను. "నేను చేసేది అలగే అన్నా, కాకపోతే ఎందుకో తెలీదు" అన్నాడు. చేతికి ముందే తెలిసిపోయింది అతనికి.

ఇక్కడ ఒక ముక్క రాసుకోవాలి. గ్యాస్ కటింగ్ అంటే మంట ఇనుముని కోస్తుందనుకుంటారు అందరూ. కొయ్యదు. ఆక్సిజన్, ఎసిటిలిన్ కలిసిన మంట 3,100 డిగ్రీల దాకా పోతుంది. దానితో ప్లేటు అంచుని ఎర్రగా పండిస్తాం, సుమారు 900 డిగ్రీలు. అప్పుడు మీట నొక్కి ఉత్త ఆక్సిజన్‌ని ధారగా వదుల్తాం. ఆ ఆక్సిజన్‌లో ఇనుమే తగలబడి కరిగిన తుక్కుగా కిందకి రాలిపోతుంది. మంట పని వేడి చెయ్యడం వరకే, కోసేది ఇనుము కాలిపోవడం. స్టెయిన్‌లెస్ స్టీలుని ఇలా కొయ్యలేం, దాని మీద ఏర్పడే క్రోమియం ఆక్సైడు పొర అంత తొందరగా కరగదు, ఆక్సిజన్‌ని లోపలికి పోనివ్వదు. కాబట్టి సెలూన్‌లో మంటతో వెంట్రుక కత్తిరిస్తామంటే నాకు ముందు నుంచీ అనుమానమే. కత్తెర అయితే రెండంచుల మధ్య నలిపి తెంపుతుంది. మంటకి అంచు ఏది? కొస కాలి పోతుంది, మిగిలినదాని మొన మీద కరిగిన ముద్ద నిలబడుతుంది.

చేసిన తీరు మాత్రం చూడముచ్చటగా ఉంది. ముందు అరగంట సేపు కత్తెరతో, మెషిన్‌తో మామూలు కటింగే. పక్కలు దించి, వెనక సాపు చేసి, రూపం మొత్తం అక్కడే తెచ్చేశాడు. మంట చివర్లో నడినెత్తి మీద జుట్టు కొసలకి మాత్రమే. ఎడం చేత్తో తడి తువ్వాలు, కుడి చేత్తో టార్చి. దువ్వెన ఎత్తుతాడు, మంట చిర్రుమని ఒక వరస తీస్తుంది, వెంటనే తువ్వాలు అద్దుతాడు. స్టీలు కదా వేడెక్కదా అని అడగబోతుంటే దువ్వెన మూతిని మగ్గులో ముంచాడు, సుయ్‌మంది. రెండు మూడు వరసలకి ఒకసారి ముంచుతూనే ఉన్నాడు. వాసన షాపంతా నిండింది. నాకు ఆ వాసన కొత్త కాదు, టార్చి వెలిగించేటప్పుడు ముంజేతి వెంట్రుకలు కమరడం మాకు మామూలే. బెంచీ మీద పెద్దాయన మాత్రం లేచి బయటికి పోయి బీడీ వెలిగించాడు. ఈ పొగ కన్నా ఆ పొగే మేలనుకున్నాడేమో.

తల మొత్తానికి ఏదో స్ప్రే కొట్టి ఒక్కసారిగా అంటించే రకం వీడియోల్లో చూస్తుంటాం. అది చెయ్యనని ఖరాఖండీగా చెప్పాడు తమ్ముడు. 2022 అక్టోబరులో గుజరాత్‌లోని వాపిలో 18 ఏళ్ళ కుర్రాడికి అలాగే చేయబోతే మంట అదుపు తప్పి మెడ, ఛాతీ కాలాయి. పేపర్లలో వచ్చింది, ఆ వీడియో అందరి ఫోన్లలో తిరిగింది. అప్పటి నుంచీ భయమేనట. నాకు ఇంకో సంగతి తోచింది. వెంట్రుక ఒక్కటే అయితే మంట తీసేయగానే చాలావరకు తనంతట తనే ఆరిపోతుంది. దాని మీద ఉన్న నూనె, స్ప్రే అలా కాదు, అయిపోయేదాకా మండుతాయి. అందుకే మావాణ్ణి పొద్దున్నే షాంపూతో తలంటుకుని రమ్మన్నాను. మా చెల్లి మాత్రం కటింగుకి ముందు కొబ్బరినూనె పెడితే వెంట్రుక మెత్తగా తెగుతుందని వాడి తలకి రాయడానికి గిన్నెలో వేడి చేసి మరీ సిద్ధంగా ఉంచిందట. సమయానికి అడిగాను కాబట్టి సరిపోయింది.

డబ్బులు మామూలు కటింగుకి రెండింతల పైనే తీసుకున్నాడు. మేనల్లుడు అద్దంలో ఆ పక్కా ఈ పక్కా చూసుకుని మురిసిపోయాడు. నిజం చెప్పాలంటే బాగుంది. కాకపోతే బాగున్నది కత్తెర పని. మంట చేసిందల్లా కొసలని కాస్త బిరుసెక్కించడం, దానివల్ల జుట్టు లేచి నిలబడుతోంది. ఆ మాట మావాడికి చెప్పలేదు. ఫేర్‌వెల్ అయ్యాక చెప్తాను.

గుడ్డ మీద రాలిన కమురు కొసలు కొన్ని కాగితంలో మడిచి తెచ్చాను, అమ్మాయికి చూపిద్దామని. ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతోంది, ఇంట్లో దేనికైనా దానిదే ఆఖరి మాట. అన్నాల దగ్గర కాగితం విప్పేసరికి మా ఆవిడ "తలకాయ కూర పక్కన తలవెంట్రుకలేటండీ" అని నెత్తి కొట్టుకుంది. వరండాలోకి పోయి భూతద్దం పెట్టి చూశాం. ఒక్కో వెంట్రుక మొన మీద నల్లటి పూస. వేళ్ళ మధ్య పెట్టి నలిపితే గరగర తగిలింది, గోటితో నొక్కితే పొడిగా రాలింది. ఆ పూస చిట్లిన కొసలని మూసేస్తుందని సెలూన్లలో చెప్తారు. అమ్మాయి ఒప్పుకోలేదు. అది పెళుసుగా ఉంటుందిట, దువ్వెన తగిలితే ఊడిపోతుందిట, దాని కింద భాగం కూడా వేడికి పాడై మళ్ళీ చిట్లుతుందిట. ఇంక ఆ వాసన సంగతి. వెంట్రుక కెరటిన్ అనే ప్రొటీను, అందులో సిస్టీన్ ఎక్కువ, సిస్టీన్‌లో గంధకం. వెంట్రుక బరువులో నూటికి నాలుగైదు వంతులు గంధకమే. రీబాండింగ్ అనీ పెర్మింగ్ అనీ సెలూన్లలో వేలు గుంజేది కూడా ఆ గంధకం జతలని విప్పి మళ్ళీ ముడెయ్యడానికే. తలకాయ కాల్చినప్పటి వాసనా ఇదీ ఒకటేనని నేను అన్నాను. "అదీ కెరటినే కదా నాన్నా" అంది.

ఇది కొత్త ఫ్యాషనేం కాదని కూడా దానివల్లే తెలిసింది. నూరేళ్ళ పైనాడే ఇంగ్లండులో, అమెరికాలో బార్బర్లు సన్నటి మైనపు వత్తి వెలిగించి వెంట్రుకల కొసలు కమిరించేవారట. వెంట్రుక గొట్టంలా బోలుగా ఉంటుందనీ, కత్తిరిస్తే అందులోంచి సారం కారిపోతుందనీ, కాలిస్తే మూత పడుతుందనీ నమ్మకం. చర్మం బయట ఉన్న వెంట్రుకలో ప్రాణమే లేదు, కారడానికి సారం ఎక్కడిది? పెరగడమంతా చర్మం లోపల కుదురు దగ్గరే. బ్రెజిల్‌లో ఇప్పటికీ పాయని మెలిపెట్టి, బయటికి పొడుచుకొచ్చిన చిట్లు కొసలని కొవ్వొత్తితో కాలుస్తారట. డబ్బున్నవాళ్ళు, మోడళ్ళు చేయించుకుంటారట. చెట్టు కింద కటింగ్ చేసిన సెలూన్ తమ్ముడి నాన్న ఈ ముక్క వింటే ఆ రోజుల్లోనే ఒక కొవ్వొత్తి పెట్టి బాగుపడేవాడు.

సాయంత్రం పాలకి వెళ్తూ షాపు మీదుగా పోయాను. ఒక్క సంగతి మధ్యాహ్నం నుంచీ మనసులో తొలుస్తోంది. మెడ చుట్టూ కట్టే గుడ్డ. తళతళలాడే నైలాన్ గుడ్డ అది, వెంట్రుకలు జారిపోవడానికి అందరూ అదే వాడతారు. కత్తెరకైతే భేషుగ్గా ఉంటుంది. నిప్పురవ్వ పడితే మాత్రం కరిగి చర్మానికి అంటుకుపోతుంది. మా పనిలోకి అలాంటి చొక్కాతో వస్తే గేటు దగ్గరే వెనక్కి పంపుతారు, కాటనే వేసుకోవాలి, దాని మీద తోలు ఏప్రాన్. మంట పని చేసేటప్పుడు మందపాటి కాటన్ గుడ్డ కట్టు, కాస్త తడిపి మరీ కట్టు, పక్కన మగ్గు కాదు బకెట్టు ఉండాలి, గ్యాస్ డబ్బా రీఫిల్ చేసేది షాపు లోపల కాదు బయట, అదీ టార్చి చల్లారాక అని వరసగా చెప్పాను. బ్యూటేన్ గాలి కన్నా బరువు, ఏసీ గదిలో కారితే పైకి పోదు, నేల మీదే పరుచుకుంటుంది.

విసుక్కుంటాడనుకున్నాను. మీట నొక్కడం ఆపి శ్రద్ధగా విన్నాడు. "ఆ గుడ్డ ఎక్కడ దొరుకుద్దన్నా?" అన్నాడు. కురుపాం మార్కెట్లో చూడు, బరకగా ఉండే తెల్లటి కాటన్, పరుపుల గలీబులకి వాడే రకం అడుగు, మూడు మీటర్లు తీసుకుంటే రెండు గుడ్డలవుతాయి అన్నాను. మంగళవారం షాపు మూసే ఉంటుంది కాబట్టి ఆ రోజు వెళ్తానన్నాడు. మొదట చెప్పిన రేటుకి తీసుకోవద్దని, రెండు కొట్లు తిరిగి అడగమని చెప్పి పాల ప్యాకెట్లు పట్టుకుని వచ్చేశాను.