తెలుగు పుస్తకానికి ఒక టెంప్లేట్

కథల పుస్తకం పేజీలు లిబ్రేఆఫీస్ రైటర్ అనే ఉచిత రాత సాఫ్ట్‌వేర్‌లో సర్దుతున్నాను. ప్రతి కథ పేరుకూ 'హెడింగ్ 1' స్టైల్ (ఫాంట్, సైజు లాంటి అమరికలన్నీ కలిపి పెట్టిన పేరు) ఇచ్చాక, ఆ స్టైల్‌లో సైజు ఒక్కసారి మారిస్తే పుస్తకమంతా మారిపోయింది. విషయసూచిక కూడా ఆ పేర్ల నుంచే తయారైంది. పేజీలకు విడిగా స్టైల్స్ ఉండటం మాత్రం భలే నచ్చింది.

కష్టమంతా ఫాంట్ దగ్గరే. స్టైల్‌లో ఇంగ్లిష్ లాంటి లిపులకు ఒక ఫాంట్, తెలుగు, హిందీ లాంటివాటికి ఇంకొకటి. మొదటిది మారిస్తే తెలుగు అక్షరం మారదు. కొత్తవాళ్లు ఇక్కడే టెన్షన్ పడతారు. పైగా వరుసల మధ్య దూరం చాలకపోతే పై వరుస వత్తులు కింది గుడులకు తగులుతాయి.

ఇవన్నీ సరిచేసి, ఆ ఫైల్‌ని టెంప్లేట్‌గా దాచి, ప్రతి కొత్త ఫైలూ ఆ నమూనాతోనే మొదలయ్యేలా డిఫాల్ట్‌గా పెట్టుకున్నాను. తెలుగుకి తగిన ఇలాంటి టెంప్లేట్ సాఫ్ట్‌వేర్‌తోనే వస్తే ఎంత బాగుంటుందో!