సెప్టిక్ ట్యాంకుకూ ఒక కొలత కర్ర

హనుమకొండలోని మా ఇంటి సెప్టిక్ ట్యాంకు మూతను ఏటా సంక్రాంతి వెళ్ళాక ఒకసారి తెరిపిస్తాను. లోపల మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువులు పోగై ఉంటాయి కనుక, అరగంట గాలి ఆడనిచ్చి, పిల్లలనూ అగ్గిపెట్టెలనూ దూరంగా ఉంచి, లోపలికి తల వంచకుండా పైనుంచే పని చూసుకుంటాను.

ఆ పని చాలా చిన్నది. వెదురు కర్రకు పాత తెల్ల తువ్వాలు చుట్టి, సుతిలి తాడుతో బిగించి, అడుగు తగిలేదాకా మెల్లగా దించి, రెండు మూడు నిమిషాలు ఉంచి తీస్తే, మడ్డి ఉన్నంత మేర తువ్వాలు నల్లగా అంటుకుని, ఆపైన తేటనీరు తాకినంత మేర లేత బూడిదరంగులో కనిపిస్తుంది. ఈసారి నలుపు 38 సెంటీమీటర్లు, పైన తేలే తెట్టు 8 సెంటీమీటర్లు వచ్చాయి. మా ట్యాంకులో నీటి లోతు 150 సెంటీమీటర్లు కాబట్టి, మడ్డీ తెట్టూ కలిసి మూడో వంతుకు చేరువైనట్టే, మడ్డిని పీల్చే ట్యాంకరును పిలిపించాను.

గతంలో ఈ లెక్క తెలియక ఏడేళ్ళు ఊరుకున్నాను. నీళ్ళు పోతున్నాయి కదా అనుకున్నాను కానీ, మడ్డి పెరిగినకొద్దీ మురుగు తేరుకునే వ్యవధి తగ్గి, తేరని మురుగే ఇంకుడు గుంతలోకి వెళ్ళి అక్కడి మట్టి రంధ్రాలను పూడ్చేసింది. పైగా బయటికి పోయే గొట్టానికి ‘టీ’ (ఇంగ్లీషు T ఆకారపు గొట్టం ముక్క) పెట్టడం మేస్త్రి మరిచిపోవడంతో తెట్టు కూడా నేరుగా గుంతలోకే చేరింది. ఒక వానాకాలం రాత్రి కమోడు గుడగుడలాడి నీళ్ళు పైకి తన్నాయి. కొత్త గుంత తవ్వించడానికి అయిన ఖర్చుతో ట్యాంకరును ఎన్నిసార్లు పిలిపించవచ్చో లెక్క వేయడం నేను మానుకున్నాను. రెండు మూడేళ్ళకొకసారి మడ్డి తీయించాలని నిపుణులు చెప్పేది ఊరికే కాదు.

ట్యాంకరుతో వచ్చిన కుర్రాడు, “లోపలికి దిగి అడుగు గీకమంటారా సార్?” అని అడిగాడు. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. చట్టం లేకపోయినా ఒప్పుకోను. గట్టిపడిన మడ్డి మీద పైపుతో నీళ్ళు కొట్టించి, మళ్ళీ పీల్పించాను. అడుగున కొంచెం మడ్డిని మాత్రం ఉండనిచ్చాము. కొత్తగా చేరే మురుగును కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు అందులోనే ఉంటాయి. అంగడిలో అమ్మే బాక్టీరియా పొడి పొట్లాలు కొనడం అందుకే మానేశాను. బ్లీచింగ్ పౌడరూ యాసిడ్ సీసాలూ ఎక్కువగా కుమ్మరిస్తే ఆ జీవులే చస్తాయి.

ట్యాంకరు వెళ్ళాక ట్యాంకును మంచినీళ్ళతో నింపించి, గాలి గొట్టం మీద చిరిగిన దోమల జాలీ మార్చి, మూత అంచులకు సిమెంటు పూయించాను. ఆ పక్కనే గోడ మీద తేదీని, 38, 8 అన్న రెండు అంకెలను పెయింటుతో రాసి పెట్టాను.