2^1277 − 1: పాత డెస్క్‌టాప్ మీద కారణాంకాల వేట

ఈసారి పట్టుకున్న సంఖ్య 2^1277 − 1. విప్పి రాస్తే 385 అంకెలు. 2601తో మొదలై 271తో ముగుస్తుంది. ఇది ప్రధాన సంఖ్య కాదని ఎప్పుడో తేలిపోయింది. కానీ 1, తాను తప్ప దీన్ని నిశ్శేషంగా భాగించే సంఖ్య ఒక్కటీ ఇంతవరకు దొరకలేదు. 2^n − 1 రూపంలో ఉండేవాటిని మెర్సెన్ సంఖ్యలంటారు. ప్రధానం కాదని తెలిసినా ఒక్క కారణాంకమైనా తెలియని మెర్సెన్ సంఖ్యల్లో అన్నిటికంటే చిన్నది ఇదే. అందుకే దీని మీద మనసు పడింది.

ముందు ఇది ప్రధానం కాదని సొంతంగా చూసుకున్నాను. పైథాన్‌లో లూకాస్–లేమర్ పరీక్ష నాలుగు లైన్ల పని. 4తో మొదలుపెట్టి, వర్గం చేసి, 2 తీసేసి, మన సంఖ్యతో భాగిస్తే వచ్చే శేషాన్ని మళ్లీ అలాగే తిప్పాలి. 1275 సార్లు తిప్పాక 0 వస్తే ప్రధానం. రాలేదు. ఎంటర్ నొక్కిన వేలు తీసేలోపే జవాబు వచ్చేసింది. ఫెర్మా పరీక్ష (ఒక ఆధార సంఖ్యను N − 1 ఘాతానికి హెచ్చించి Nతో భాగించాలి, శేషం 1 రాకపోతే N ప్రధానం కాదు) చేయాలనుకుంటే మాత్రం ఆధారంగా 2 పెట్టకండి. ఘాతం ప్రధానమైతే చాలు, ఏ మెర్సెన్ సంఖ్యనైనా అది పాస్ చేసేస్తుంది. 3 పెడితే బండారం బయటపడుతుంది.

అసలు కష్టం కారణాంకంతోనే. అయితే కనబడ్డ ప్రతి సంఖ్యతోనూ భాగించి చూడాల్సిన పనిలేదు. దీని ప్రధాన కారణాంకం ఏదైనా 2554 గుణిజానికి 1 కలిపితే వచ్చేదే అయి ఉండాలి, పైగా 8తో భాగిస్తే శేషం 1 గానీ 7 గానీ రావాలి. ఈ రెండు జల్లెళ్లూ పట్టి వరసగా చూశాను. 7663 వచ్చింది, అది 79 × 97. తర్వాత 10217, అది 17 × 601. 17879 అంటే 19 × 941. 20433ను 3 భాగిస్తుంది, 28095ను 5 భాగిస్తుంది. ఇవేవీ ప్రధానాలు కావు కాబట్టి పక్కన పెట్టేయొచ్చు. నిజంగా పరీక్షించాల్సిన మొదటి సంఖ్య 30649. అదీ భాగించలేదు.

ఇలా ఒక్కొక్కటీ చూసుకుంటూ పోతే తెమిలే పని కాదు, కాబట్టి గణితజ్ఞుడు లెన్‌స్ట్రా 1987లో ప్రచురించిన ఎలిప్టిక్ కర్వ్ పద్ధతికి వచ్చాను. ఏదో ఒక వక్రరేఖను (కర్వ్‌ను) ఎంచుకుని దాని మీద లెక్క నడిపి, కారణాంకం తగలకపోతే ఇంకో కర్వ్‌కు పోవడమే ఇందులో పని. వాడుతున్నది ఈ పద్ధతికోసం రాసిన జీఎంపీ-ఈసీఎం ప్రోగ్రామ్. నేరుగా పెద్ద సంఖ్య మీదికి పోకుండా ముందు 2^101 − 1 ఇచ్చాను. బి1 హద్దు (ఒక్కో కర్వ్ మీద మొదటి దశ లెక్క ఎంత దూరం సాగాలో చెప్పేది) 2000 పెడితే కొద్ది కర్వ్‌లకే 7432339208719 దొరికింది. రెండో కారణాంకం 341117531003194129. జవాబు తెలిసిన లెక్క మీద ఇలా ఒకసారి నడిపి చూడకపోతే, తర్వాత ఏమీ దొరకనప్పుడు తప్పు సెటప్‌దా, సంఖ్యదా అన్నది తేలదు.

సెట్టింగ్స్ సంగతి. 35 అంకెల కారణాంకం కోసం బి1 10 లక్షలు, దాదాపు 900 కర్వ్‌లు. 40 అంకెలకు 30 లక్షలు, 2350 కర్వ్‌లు. 45కు 1.1 కోట్లు, 4480. ఈ కోటా మొత్తం పూర్తి చేసినా, ఆ సైజు కారణాంకం ఉండి కూడా చేజారే అవకాశం 37 శాతం దాకా ఉంటుంది. ఒక్కో కర్వ్ లెక్క రెండు దశల్లో నడుస్తుంది, రెండో దశలో మెమరీ బాగా తింటుంది. మ్యాక్స్‌మెమ్ ఆప్షన్‌తో హద్దు పెట్టకపోతే పాత మెషిన్ స్వాప్‌లో (మెమరీ చాలక డిస్క్‌ను వాడుకోవడంలో) పడి నత్తనడక నడుస్తుంది. కరెంటు పోయే ఇళ్లలో మొదటి దశకు చెక్‌పాయింట్ ఫైల్ (లెక్క ఎక్కడిదాకా వచ్చిందో దాచేది) ఇవ్వడం తప్పనిసరి. నేను రాత్రిపూటే నడుపుతున్నాను. పగలు ఎండకు ప్రాసెసర్ వేడెక్కి స్పీడు తగ్గించేస్తోంది, ఫ్యాన్ మోత కూడా భరించలేం.

ఈ సంఖ్య మీద 60 అంకెల స్థాయి దాటి ఇప్పటికే వెతికేశారు. కాబట్టి నేను 35, 40 అంకెలకు నడిపేది యంత్రం తీరు చూసుకోవడానికే, దొరుకుతుందన్న ఆశతో కాదు. 2014లో నంబర్ ఫీల్డ్ సీవ్ అనే మరో పద్ధతితో 1000కీ 1200కీ మధ్య ఘాతాలున్న 17 మెర్సెన్ సంఖ్యల కారణాంకాలు తేల్చారు. 1277 ఆ గీతకు కాస్త అవతల ఉంది, ఇంట్లో డెస్క్‌టాప్‌కు ఆ దారి లేనట్టే.

45 అంకెల స్థాయి సగంలో ఉంది. అది ముగిశాక బి1 నేరుగా 85 కోట్లకు పెంచుతాను, 65 అంకెల స్థాయి అది. ఒక్కో కర్వ్‌కు గంటలు పట్టినా ఫర్వాలేదు.