గొంతు దాకా వచ్చిన పులుపు

నాలుగేళ్లుగా జేబులో గ్యాస్ గోళీ లేకుండా ఇల్లు కదలలేదు. నల్లగొండలో షాపు కట్టేసి ఇంటికొచ్చేసరికి రాత్రి పదిన్నర. జొన్నరొట్టె, ఎర్రకారం, ఆ పైన అన్నంలో పచ్చిపులుసు. పది నిమిషాల్లో మంచం. అర్ధరాత్రి గొంతులోకి పుల్లటి నీళ్లు ఎగదన్నేవి. "అరగలేదు బిడ్డా, వాము నములు" అనేది అమ్మ. నమిలేవాణ్ణి.

మొన్న రొట్టె ముక్క ఛాతీ మధ్యలో ఆగిపోయింది. నీళ్లు తాగినా దిగదు. ఆ భయంతోనే ఎండోస్కోపీకి, అంటే నోట్లోంచి కెమెరా గొట్టం దించి చూసే పరీక్షకు, ఒప్పుకున్నా. స్క్రీన్ మీద నా అన్నవాహిక లేత గులాబీ రంగులో బాగానే ఉంది. జీర్ణాశయం దగ్గరకొచ్చేసరికి ఎర్రటి గీతలు, గోరుతో గీరినట్టు. రిపోర్టులో 'గ్రేడ్ బి' అని రాశారు. అంటే కనీసం ఒక గీతైనా 5 మిల్లీమీటర్లు దాటిందన్నమాట.

యాసిడ్‌ను తట్టుకునే జిగురు పొర కడుపుకు ఉంటుంది, అన్నవాహికకు అంత రక్షణ లేదు. ఆ రెండింటి మధ్యలోని కండరం వదులైతే యాసిడ్ పైకొచ్చి కాలుస్తుంది. ఏళ్ల తరబడి కాలితే కొందరిలో ఆ లోపలి పొర పేగు పొరలా మారిపోతుంది. దాన్ని బారెట్స్ అంటారు. అందులోంచి క్యాన్సర్ దాకా పోయేది తక్కువమందే. అయినా ఆ మాట విన్న రాత్రి నిద్ర పట్టలేదు. ఆ పొరలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే నాకు అది లేదని తేలింది.

గోళీ కూడా ఇన్నాళ్లూ తిన్నాకే వేసుకున్నా. తిండికి అరగంట ముందు వేసుకోవాలట! ఇప్పుడు మంచం తలవైపు కోళ్ల కింద రెండేసి ఇటుకలు. ఏడున్నరకే షాపుకు బాక్స్ తెప్పించుకుంటున్నా. పచ్చిపులుసు మాత్రం ఆదివారం మధ్యాహ్నం కొంచెం. డాక్టర్‌కు చెప్పలేదు.