ముసలి పిల్లి రాత్రిళ్లు ఏడుస్తుంటే

పదేళ్లు దాటిన పిల్లి ఉన్నట్టుండి రాత్రిపూట అరవడం మొదలుపెడితే ఇంట్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, "ముసలిదైపోయింది కదా, అరుస్తుందిలే" అని. ఆ మాటతో సరిపెట్టుకోవద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ముసలితనం రోగం కాదు. ఆ వయసులో వచ్చే రోగాలు వేరే ఉన్నాయి, వాటిలో చాలావాటికి మందులున్నాయి, కొన్నయితే మన వీధి చివర మెడికల్ షాపులోనే దొరుకుతాయి.

మేముండేది పర్లాకిమిడిలో. ఒడిశాలోని గజపతి జిల్లా, కూతవేటు దూరంలో పాతపట్నం, అక్కణ్ణుంచి ఆంధ్రా. ఇక్కడ పశువుల ఆస్పత్రికి వచ్చేవి ఆవులు, మేకలు, కోళ్లు. పిల్లిని బుట్టలో పెట్టుకుని వెళ్లి వరసలో నిలబడితే అందరూ మనల్నే చూస్తారు, అది కూడా ముసలి పిల్లి అయితే "దీనికెందుకమ్మా డబ్బులు తగలేయడం" అని మొహం మీదే అనేస్తారు. దాంతో చాలామంది అసలు వెళ్లరు. ఇంకో సంగతి కూడా ఉంది, అది నాకు ఇంకా బాధ. పిల్లి ఏడిస్తే ఇంటికి కీడు అనే నమ్మకం మా వైపు తెలుగువాళ్లలోనూ ఉంది, ఒడియావాళ్లలోనూ ఉంది. మా పిల్లి సుబ్బులు రాత్రిళ్లు ఏడవడం మొదలుపెట్టినప్పుడు పక్కింటి మావుసి మా మీద ప్రేమతోనే చెప్పింది, "ఇంట్లో పెద్దావిడ ఉంది, పిల్లి ఏడుపు మంచిది కాదమ్మా, చేపల బజారు దగ్గర వదిలేసి రండి, అక్కడ తిండికి లోటుండదు" అని. అలా గోనెసంచిలో వేసి వదిలేసిన పిల్లుల్లో ఎన్నింటికి చూపు పోయిందో, ఎన్నింటికి కిడ్నీలు పాడయ్యాయో ఎవరికి తెలుసు? పుట్టి పెరిగిన ఇల్లు తప్ప ఇంకేమీ తెలియని ప్రాణి, కళ్లు కనబడని స్థితిలో, కుక్కల మధ్య. దాని గురించి ఆలోచిస్తేనే నాకు నిద్ర పట్టదు.

సుబ్బులుకి 16 ఏళ్లు. మనిషి వయసులో చెప్పాలంటే 80 దగ్గర. ఇలాంటి పిల్లి అరిస్తే ముందు చూడాల్సింది అది ఎలా అరుస్తోంది, ఎవరితో అరుస్తోంది అని. పెద్ద పిల్లులు ఒకదాంతో ఒకటి మ్యావ్ అనుకోవడం చాలా తక్కువ. చిన్నప్పుడు తల్లిని పిలవడానికి అంటాయి, పెద్దయ్యాక ఆ పిలుపు మనుషుల కోసం దాచుకుంటాయి. అన్నం పెట్టు, తలుపు తియ్యి, ఇలా రా, ఇవన్నీ మనకి చెప్పే మాటలు, మన మొహం చూసి చెప్తాయి, అడిగింది ఇస్తే ఆపేస్తాయి. సుబ్బులు కొత్త అరుపు అలాంటిది కాదు. అందరం పడుకున్నాక వంటింట్లో బియ్యం డబ్బా పక్కన గోడకి మొహం పెట్టి నిలబడేది. ముందు గొంతులో సన్నగా మూలుగు మొదలయ్యేది, నోరు సగమే తెరిచేది, ఆ మూలుగు అలా సాగి సాగి చివరికి పెద్ద ఊళగా మారేది. పిలిస్తే ఉలిక్కిపడి తల తిప్పేది, కానీ నావైపు కాకుండా నా పక్కకి చూసేది. గిన్నెలో చేప పెట్టినా వాసన చూసి వదిలేసేది. ట్యూబ్‌లైటు వెలుగులో కూడా దాని కళ్లలో నల్లగుడ్డు కంటి నిండా పరుచుకుని ఉండేది, టార్చి వేస్తే చిన్నదవ్వాలి కదా, కాలేదు. ఎత్తుకుంటే వీపు మీద ఎముకలు రంపం పళ్లలా చేతికి తగిలాయి.

ఇది ముసలితనం కాదు. ఎక్కడో ఏదో జరుగుతోంది.

ఇక్కడి డాక్టరుగారు రోజంతా ఆవులకీ మేకలకీ వైద్యం చేసే మనిషి, అయినా చాలా ఓపిగ్గా చూశారు. పొట్ట తడిమి కిడ్నీలు చిన్నవైపోయాయన్నారు, రక్తం తీసి ల్యాబుకి పంపితే క్రియాటినిన్ (కిడ్నీలు సరిగ్గా పనిచేయకపోతే నెత్తురులో పేరుకునే వ్యర్థం) ఎక్కువొచ్చింది. "బీపీ కూడా చూడాలి, పిల్లికి చూసే మిషను నా దగ్గర లేదు, వైజాగ్ తీసుకెళ్లండి, ఆలస్యం చేయకండి" అని ఆయనే అన్నారు. పిల్లికి బీపీ ఏమిటని మా అమ్మ ఆశ్చర్యపోయింది. ముసలి పిల్లుల్లో బీపీ చాలా మామూలు విషయం, ముఖ్యంగా కిడ్నీ జబ్బుతో పాటు వస్తుంది. 10 ఏళ్లు దాటిన పిల్లుల్లో మూడో వంతుకి అటూ ఇటుగా కిడ్నీ జబ్బు ఉంటుందని లెక్క, వయసు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ.

గుణుపూర్ నుంచి వచ్చే రైల్లో, మూతున్న ప్లాస్టిక్ బుట్టలో నా పాత చీర పరిచి తీసుకెళ్లాం. వైజాగ్‌లో డాక్టరమ్మ బీపీ చూసిన పద్ధతి చెప్పాలి, ఎందుకంటే మీ పిల్లికి ఎవరైనా హడావుడిగా చూసేసి అంకె చెప్తే నమ్మకూడదు. ఆవిడ గది తలుపు వేసి, ఫ్యాను తగ్గించి, బుట్ట మూత తీసి సుబ్బులుని దాని మానాన వదిలేశారు. కొత్తచోటు భయానికే బీపీ పైకి పోతుంది, అది సర్దుకోవాలి. కాసేపయ్యాక ముందుకాలికి సన్నటి పట్టీ చుట్టి, పాదం అడుగున జెల్ రాసి చిన్న పెన్ను లాంటి పరికరం ఆనించారు. నెత్తురు పారుతున్న చప్పుడు స్పీకర్లో వినబడింది. మొదట వచ్చిన అంకె వదిలేసి, వరసగా మళ్లీ మళ్లీ చూసి సగటు తీశారు. పై అంకె 160 దాటితే పిల్లికి బీపీ ఉన్నట్టు, 180 దాటితే కళ్లు, మెదడు, గుండె, కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం బాగా ఎక్కువ. సుబ్బులుది 200 దాటింది. ఆ ఒత్తిడికి కంటి వెనకున్న రెటీనా పొర ఊడిపోతుంది, ఒక్క రాత్రిలో చూపు పోవచ్చు. దానికి ఎడమ కంట్లో అప్పటికే ఊడిపోయింది, కుడి కంట్లో మొదలైంది. ఆ గోడ దగ్గర అది ఎందుకు నిలబడేదో అప్పుడు అర్థమైంది. దారి కనబడటం లేదు. మనిషికి బీపీ అంత పెరిగితే తలనొప్పితో తల పగిలిపోవచ్చు, పిల్లికీ అలాంటి బాధే ఉంటుందని డాక్టర్లు అనుకుంటారు, నోటితో చెప్పలేదు కాబట్టి అరుస్తుంది.

రాసిచ్చిన మందు అమ్లోడిపిన్. మా అమ్మ రోజూ వేసుకునే మాత్రే! 2.5 మిల్లీగ్రాముల మాత్రలో పావు ముక్క, రోజుకి ఒకసారి. ఇది సుబ్బులు బరువు, బీపీ చూసి రాసిన మోతాదు, మీ పిల్లికి మీ డాక్టరు చెప్పినంతే వేయాలి. ఉప్పు ఎండుచేపలు మానిపించారు, నీళ్లు ఎక్కువ పోయేలా తిండిలో కలపమన్నారు. బీపీ దిగాక రాత్రి అరుపులు బాగా తగ్గాయి. ఎడమ కన్ను రాలేదు, కుడి కంటితో వెలుగునీ మనిషి కదలికనీ పోల్చుకుంటోంది.

అన్ని అరుపులకీ బీపీయే కారణం అని కాదు. తిండి ఎక్కువ తింటూ, ఎప్పుడూ ఆకలిగా తిరుగుతూ, అయినా చిక్కిపోతూ, కుదురు లేకుండా అరుస్తుంటే థైరాయిడ్ అనుమానించాలి. మనుషుల్లో ఎక్కువగా వినేది థైరాయిడ్ తగ్గడం, ముసలి పిల్లుల్లో అది పెరుగుతుంది. పిల్లుల్లో ఈ జబ్బుని 1979లో మొదటిసారి గుర్తించి రాశారు, ఇప్పుడు టీ4 అనే రక్తపరీక్షతో తేలుతుంది, మాత్రలతో అదుపులో ఉంటుంది. దీనివల్ల కూడా బీపీ పెరుగుతుంది కాబట్టి రెండూ కలిపి చూడాలి. కీళ్ల నొప్పులు ఇంకో పెద్ద కారణం, ఎవరూ పట్టించుకోని కారణం కూడా. 2002లో వచ్చిన ఒక అధ్యయనంలో 12 ఏళ్లు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రేలు చూస్తే 90 పిల్లుల్లో కీళ్లు అరిగిన గుర్తులు కనిపించాయి. పిల్లి కుంటదు, మంచం ఎక్కడం మానేస్తుంది, ఒళ్లు నాక్కోవడం తగ్గిస్తుంది, పడుకున్న చోటు నుంచి లేచేటప్పుడు ఒక్క అరుపు అరుస్తుంది. మనం "బద్ధకం" అంటాం. చెవుడు వస్తే తన గొంతు తనకే వినబడక గట్టిగా అరుస్తుంది. ఆపరేషన్ చేయించని ఆడపిల్లి అయితే ఎంత వయసొచ్చినా ఎదకి వస్తూనే ఉండొచ్చు, ఆ అరుపు వేరు.

మతిమరుపు జబ్బు కూడా ఉంది, మనుషుల్లో అల్జైమర్స్ అంటామే, అలాంటి మార్పులే పిల్లి మెదడులోనూ వస్తాయి. 11 నుంచి 14 ఏళ్ల పిల్లుల్లో నాలుగో వంతుకి పైగా, 15 దాటినవాటిలో సగం దాకా ఏదో ఒక తేడా కనబడుతుందని చెప్తారు. ఇంట్లోనే దారి తప్పడం, తిన్న సంగతి మరిచి మళ్లీ అడగడం, పగలంతా పడుకుని రాత్రంతా తిరగడం, ఇసుక ట్రే వదిలేసి ఎక్కడో పోయడం. కానీ దీనికి ఫలానా పరీక్ష అని లేదు. మిగతావన్నీ చూసి, ఏవీ లేవని తేలాకే ఈ పేరు పెట్టాలి. పరీక్షలేమీ చేయకుండా "మతి పోయింది" అనేవాళ్ల మాట వినకండి, డాక్టరైనా సరే.

కొన్ని అరుపులకి మాత్రం తెల్లారేదాకా ఆగకూడదు. మగపిల్లి ఇసుకలో మాటిమాటికీ కూర్చుని ముక్కుతూ అరుస్తూ ఉచ్చ పోయలేకపోతే దారి మూసుకుపోయిందన్నమాట, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది, అది ఏ వయసు పిల్లికైనా. ఒక్కసారిగా గట్టిగా అరిచి వెనక కాళ్లు ఈడుస్తూ, ఆ కాళ్లు ముట్టుకుంటే చల్లగా ఉంటే రక్తం గడ్డకట్టి అడ్డుపడినట్టు, అప్పుడూ పరుగు పెట్టాల్సిందే. గుర్రుగుర్రుమంటోంది కాబట్టి బాగానే ఉందనుకోవద్దు, నొప్పిలో కూడా పిల్లులు అలా అంటాయి.

ఇంకొకటి, దయచేసి గట్టిగా గుర్తుపెట్టుకోండి. నొప్పితో అరుస్తోందని పారాసెటమాల్ ముక్క వేయకండి. డోలో, క్రోసిన్, పేరు ఏదైనా సరే. దాన్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు, నెత్తురు గోధుమరంగుకి తిరిగి ఊపిరి మోయడం మానేస్తుంది, అర మాత్ర చాలు ప్రాణం పోవడానికి. చంటిపిల్లల సిరప్ అయినా అంతే. మా వైపు ప్రేమతో ఇలా వేసి పిల్లుల్ని పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు, వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

ఇంట్లో చేయగలిగింది కూడా చాలా ఉంది. రాత్రి వంటింట్లో, ఇసుక ట్రే దగ్గర చిన్న జీరో బల్బు వెలిగించి ఉంచండి. చూపు తగ్గిన పిల్లికి సామాన్లు ఎక్కడివక్కడే ఉండాలి, మేము పండక్కి కూడా బియ్యం డబ్బా, స్టూలు జరపడం మానేశాం. ట్రే అంచు తక్కువగా ఉండాలి, ఎక్కి దిగలేదు కాబట్టి. పడుకోబోయే ముందు కొద్దిగా తిండి పెట్టి, కాసేపు పక్కన కూర్చుని ఒళ్లు నిమిరితే రాత్రి తిరుగుడు తగ్గుతుంది. చలికాలం మా ఊళ్లో తెల్లవారుజామున బాగానే చలి ఉంటుంది, మందంగా బొంత వేయండి. అరిచినప్పుడు తిట్టకండి, నీళ్లు చల్లకండి, గదిలో పెట్టి గొళ్లెం వేయకండి. చూపూ వినికిడీ తగ్గిన ప్రాణికి అది ఇంకా భయం.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు అరుపుని ఫోన్లో వీడియో తీయండి, ఎందుకంటే ఆస్పత్రిలో అది నోరు మెదపదు. నిద్రపోతున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టండి, 30 దాటితే ఆ సంగతి ముందే చెప్పండి. కిరాణా కొట్టు కాటా మీద బుట్టతో సహా తూచి, బుట్ట బరువు తీసేసి నెలకోసారి రాసిపెట్టుకోండి. 4 కిలోల పిల్లి 400 గ్రాములు తగ్గిందంటే 60 కిలోల మనిషి 6 కిలోలు తగ్గినట్టే, కంటికి ఆనదు కానీ కాటా చెప్తుంది. నీళ్లు ఎక్కువ తాగుతోందా, ఉచ్చ ఎక్కువ పోస్తోందా అన్నది కూడా చూసుకోండి. 10 ఏళ్లు దాటాక ఏం జబ్బు లేకపోయినా ఆరు నెలలకోసారి చూపించమంటారు.

మనలా దూరం నుంచి వైజాగ్, శ్రీకాకుళం, బరంపురం, భువనేశ్వర్ వెళ్లేవాళ్లయితే ముందే ఫోన్ చేసి బీపీ చూసే మిషను ఉందా అని అడిగి బయల్దేరండి, కిడ్నీ, టీ4, మూత్రపరీక్ష, బీపీ ఒకే రోజు అయ్యేలా చెప్పి పెట్టుకోండి. ముసలి పిల్లిని మాటిమాటికీ రైలెక్కించడం దానికీ కష్టం, మన జేబుకీ కష్టం.